శుభ్రం చేసిన చప్పుడు

పోయిన వారం మనం పెద్దమ్మను నిచ్చెన మీద వదిలేసి వచ్చేశాం. పాపం, అప్పట్నుంచీ చేతిలో కుంచెతో, జింక బొమ్మకు ఒక చెవి గీసి రెండో చెవి గీయకుండా అక్కడే నిలబడి ఉంది. మధ్యలో వచ్చిన పాఠకుల కోసం నాలుగు మాటలు చెప్పి ఆమెను కిందికి దింపుతాను. ఈమె మ్యూజియంలో గోడల మీద అడవులూ జంతువులూ వేసే మనిషి. ఇంకా నలభై రాలేదు, పెళ్లి మాట ఎత్తితే మండిపడుతుంది. చెల్లెలి కూతురు 'పెద్దమ్మా' అని అరుస్తూ గదుల వెంట పరుగులు పెట్టడం మొదలయ్యాక, టికెట్లు చింపే ఆయన దగ్గర్నుంచి డైరెక్టరు దాకా అందరికీ అదే పిలుపు అంటుకుంది. ఆ పరుగుల పిల్లను అందరూ ఉడత అంటారు. ఉడత తల్లి, అంటే పెద్దమ్మ చెల్లెలు, మూడేళ్ల కిందట ఇదే మ్యూజియం మెట్లెక్కుతూ కూలిపోయి మళ్లీ లేవలేదు.

మనిషి పోయినా ఆమె గుండె చప్పుడు ఇక్కడ మిగిలింది. గుండెల గదిలో గోడకు వరసగా చెక్క పలకలుంటాయి. ఏనుగు, గుర్రం, మనిషి, కుందేలు, పిచ్చుక. ఎదురు గోడ మీద అదే వరసలో పెద్దమ్మ వేసిన వాటి బొమ్మలు. ఏ పలక మీద అరచెయ్యి పెడితే ఆ ప్రాణి గుండె చేతి కింద కొట్టుకుంటుంది. మనిషి పలకలో ఉన్నది ఆమె గుండె. ఉడత రోజూ బడి కాగానే వచ్చి, దాని మీద చెయ్యి పెట్టి తల్లికి కబుర్లు చెబుతుంది. ఆ పలకను పీకేస్తున్నారని వడ్రంగి నోరు జారాడు. పీకెయ్యమన్నది డైరెక్టరు కాదనీ, స్వయానా ఉడత తండ్రేననీ కూడా చెప్పాడు. అక్కడ ఆగాం.

పెద్దమ్మ నిచ్చెన దిగింది. కుంచె కడగలేదు. కుంచె కడగకుండా ఆమె అడుగు తీసి అడుగు వేసిందంటే కొంప మునిగిందనే అర్థం.

మ్యూజియానికి ఆ రోజు సెలవు. జనం ఉన్నప్పుడు అరుపులతో చెవులు చిల్లులు పడే పక్షుల గది ఆ వేళ నోరు కట్టేసినట్టు ఉంది. మీటలు నొక్కే పిల్లలు లేక గుడ్లగూబా కోకిలా ఊరకే గోడల మీద కూర్చున్నాయి. పక్కనే, పిల్లలు అన్నీ ముట్టుకుని చూసే గదిలో ఉడత నేల మీద బోర్లా పడుకుని పాము వెన్నుపూసలు వరసలో పేరుస్తోంది. పాము ఎంతకీ పూర్తి కావడం లేదు.

"పెద్దమ్మా, దీని తోక ఎక్కడ మొదలవుతుంది?"

"తల తప్ప అంతా తోకేలే. నువ్వు ఇక్కడే ఉండు, నేనిప్పుడే వస్తా."

"నాన్న కూడా అదే అన్నాడు. ఇక్కడే ఉండమని."

అంటే అతను ముందే పిల్లను కట్టడి చేసే వెళ్లాడన్నమాట. పెద్దమ్మకు ఒళ్లు మండింది. నడక కాస్తా పరుగైంది.

ఉడత తండ్రిని మ్యూజియంలో చప్పుళ్లాయన అంటారు. తోడేలు ఊళ, కప్పల బెకబెక, తేనెటీగల రొద, అన్నీ అతను పట్టుకొచ్చి మీటల వెనక పెట్టినవే. అన్ని అరుపుల మధ్య బతికే మనిషి తాను మాత్రం నోరు విప్పడు. ఏదైనా అడిగితే కాసేపు నేల చూస్తాడు, ఆ కాసేపట్లో అడిగినవాళ్లు విసిగి వెళ్లిపోతారు. పెద్దమ్మ వెళ్లిపోయే రకం కాదు.

గుండెల గదిలో అతను మోకాళ్ల మీద కూర్చుని ఉన్నాడు. పలక అప్పటికే ఊడి వచ్చింది. దాన్ని ఒళ్లో పెట్టుకుని మరలు ఒక్కొక్కటీ జేబులో వేసుకుంటున్నాడు. గోడలో పలక ఉండే చోట అరచెయ్యంత బొక్క, లోపల రెండు వైర్లు.

"పని తొందరలో ఉన్నట్టున్నారు మరిదిగారూ! కానివ్వండి, కానివ్వండి."

చప్పుళ్లాయన చేతిలో మర జారిపోయింది. పెద్దమ్మ అతణ్ని నువ్వు అంటుంది. 'ఒరేయ్' అన్న రోజులూ ఉన్నాయి. 'మీరు' అందంటే, 'గారు' తగిలించిందంటే, ఆ కోపానికి ఎదురు నిలబడటం కష్టం.

"వదినా, సాయంత్రం నేనే మీతో చెబుదామని..."

"ఎందుకండీ అంత శ్రమ! వడ్రంగి చెప్పాడుగా. ఇంట్లోవాళ్లకంటే అతనికే ముందు తెలియాలి మరి."

అతను నేల చూశాడు.

"నేల తర్వాత చూద్దువుగాని, నన్ను చూడు." మీరు కాస్తా నువ్వులోకి దిగిపోయింది, గొంతు మాత్రం దిగలేదు. "దానికి వాళ్లమ్మ మొహం గుర్తులేదు. ఫోటో చూపిస్తే పక్కింటావిడని చూసినట్టు చూస్తుంది. గొంతు గుర్తులేదు. దానికి అమ్మంటే ఈ చెక్కముక్క. మొన్న పన్ను ఊడితే ముందు వచ్చి చెప్పింది నీకూ కాదు, నాకూ కాదు, దీనికి! దీన్నీ పీకేస్తావా? చేతులెలా వచ్చాయిరా నీకు?"

"దీని బదులు కొత్తది పెడుతున్నా వదినా. కప్పు పెట్టా. ఎవరి గుండె వాళ్లే వినొచ్చు. అదుగో."

బొక్క పక్కన కొక్కేనికి లోపల మైకు దాచిన, రబ్బరు అంచున్న చిన్న కప్పు వేలాడుతోంది. దాని పక్కన, కప్పును ఎడమ రొమ్ముకు ఆనించుకున్న ఒక పాప బొమ్మ. ఆ బొమ్మ పెద్దమ్మ వేసిందే. పోయిన నెల ఉడతను ఎదురుగా కూర్చోబెట్టుకుని వేసింది. ఎందుకని అడిగితే 'కొత్త ఆట' అన్నాడు తప్ప, ఈ ఆట ఎవరి చోట్లోకి వస్తోందో చెప్పలేదు.

"అంటే నా చేతే గొయ్యి తవ్వించావన్నమాట."

"వదినా..."

"చూడు. నీకు మళ్లీ పెళ్లి చేసుకోవాలనుందా? చేసుకో. నేనే దగ్గరుండి జరిపిస్తా. నీది చిన్న వయసే, ఎవరూ ఏమీ అనరు. అన్నవాళ్ల సంగతి నేను చూసుకుంటా. అందుకోసమని, చచ్చిపోయినదాన్ని గోడలోంచి కూడా గెంటెయ్యక్కర్లేదు."

పెద్దమ్మ ఈ మాట అనకుండా ఉండాల్సింది. నోరు అదుపులో ఉండే మనిషైతే ఈ కథే ఇన్ని వారాలు సాగేది కాదు. చప్పుళ్లాయన పలకను నెమ్మదిగా నేల మీద పెట్టి లేచాడు.

"అది తన గుండె కాదు వదినా."

"మతి పోయిందా? ఆ రోజు నేనిక్కడే ఉన్నా!"

"ఉన్నారు. మీరు ఉన్నప్పుడు పట్టింది తన గుండే. గోడలో పెట్టింది తనది కాదు." అతను గోడ చివర ఉన్న సన్న తలుపు తీశాడు. "లోపలికి రండి. ఒకటి వినాలి మీరు."

గోడ వెనక అల్మరా అంత గది. ఇద్దరు నిలబడితే మూడో మనిషి ఊపిరికి చోటుండదు. పాత పరుపులు కోసి గోడలకు అంటించాడు. యంత్రాల మీద ఎర్ర దీపాలు, వాటి కింద తిప్పే మీటలు. ఎదురుగా గుండెల గదిలో జనాన్ని చూసేందుకు ఒక సన్నటి కంత.

అతని పని పద్ధతి గురించి ఇక్కడ చెప్పాలి, లేకపోతే జరిగిన ఘోరం మీకు అందదు. అడవిలో పట్టుకొచ్చిన ఏ అరుపూ ఒంటరిగా రాదు. జింకతో గాలి వస్తుంది, కప్పలతో దూరాన పోయే లారీ హారన్ వస్తుంది. చప్పుళ్లాయన రాత్రనక పగలనక చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని, ఆ ప్రాణిది కానిదల్లా ఏరి పారేస్తాడు. దీన్ని అతను శుభ్రం చేయడం అంటాడు. ఈ పనిలో అతనికి ఎంత పేరుందంటే, పక్క ఊరి మ్యూజియం వాళ్లు కూడా తమ పక్షుల అరుపుల్ని ఇతని దగ్గరికి పంపిస్తారు. ఒక్క పిచ్చి అలవాటు మాత్రం ఉంది. ఏరినదాన్ని పారెయ్యడు. గాలీ, దగ్గులూ, హారన్లూ అన్నీ ఒకదాని వెనక ఒకటి అతికించి దాచుకుంటాడు. దాని పేరు 'చెత్త'. పెళ్లయిన కొత్తలో చెల్లెలు దీని మీద ఎన్నిసార్లు నవ్విందో లెక్కలేదు. మా ఆయన చెత్త కూడా పారెయ్యడు, నన్నేం వదిలేస్తాడు అనేది.

"ఇది ఈ గది మొదలుపెట్టిన ఏడాది చెత్త," అని అతను మీట నొక్కాడు.

ముందు గాలి. తర్వాత ఎవరో పొడి దగ్గు దగ్గారు. ఈగల ముసురు. లారీ హారన్ ఒకటి గదంతా నిండి పోయింది. పెద్దమ్మ విసుగ్గా నోరు తెరవబోయింది. అప్పుడు ఒక ఆడమనిషి నవ్వు వినబడింది.

"పోవే అక్కా, పో! గుండె కూడా నవ్వుతోందిక్కడ. ఈయన తిడతాడు."

పెద్దమ్మ పక్కనున్న యంత్రాన్ని పట్టుకుంది. ఆ రోజు ఆ కంతలోంచి తను చేసిన కోతి మొహం, స్టూలు మీద మైకు రొమ్ముకు ఆనించుకుని కూర్చుని పగలబడి నవ్విన చెల్లెలు, రెండూ ఒకేసారి గుర్తొచ్చాయి. మూడేళ్లుగా ఆ గొంతు మళ్లీ వినలేదు. అది ఇక్కడే, ఈ పరుపుల మధ్యే, దగ్గుల పక్కన, ఈగల పక్కన ఉండిపోయింది. ఆమెకు ఏడుపు ముంచుకొచ్చింది.

"ఇంకా ఉంది," అన్నాడు అతను.

నవ్వు ఆగింది. సన్నటి చప్పుడు మొదలైంది. స్‌స్. స్‌స్. స్‌స్. ఎవరో చిన్న చీపురుతో ఒకే చోట ఊడుస్తున్నట్టుంది. దాని పక్కన గుండె లేదు. వట్టి ఊడుపు.

"ఇదేంటి?"

"తన గుండె కొట్టుకున్నప్పుడల్లా మధ్యలో ఇది వచ్చేది. లబ్ అనేది, డబ్ అనేది, రెంటికీ నడుమ ఇది. మైకు బట్టకి రాసుకుంటోందనుకున్నా. మార్చి పెట్టా. మళ్లీ వచ్చింది. వైరు మార్చా. మళ్లీ వచ్చింది. చిరాకొచ్చింది వదినా. మైకుని తిట్టా. వైర్లమ్మిన వాణ్ని తిట్టా. ఆఖరికి కూర్చుని ఒక్కొక్కటే తీసేశా. బియ్యంలో రాళ్లు ఏరినట్టు ఏరా."

పెద్దమ్మ కుంచెను గుప్పిట్లో బిగించింది.

"అంతా అయ్యాక తనని పిలిచి వినిపించా. 'చూడు, ఎంత శుభ్రంగా ఉందో' అన్నా. 'అబ్బ, నా గుండె ఇంత బావుంటుందా' అంది."

ఇంత పొడుగు మాటలు అతను పెళ్లిచూపుల్లో కూడా మాట్లాడి ఉండడు.

"తను పోయిన రోజు ఆస్పత్రిలో డాక్టరు చెప్పాడు. గుండె కండ మందమైపోయిందట. వంశంలో వచ్చేదట. ఆ ఇరుకులోంచి రక్తం తోసుకుంటూ పోయేటప్పుడు చప్పుడొస్తుందట. 'ఎప్పుడైనా ఎవరైనా చెవి పెట్టి విని ఉంటే తెలిసేదే, మందులుండేవి, జాగ్రత్తలుండేవి' అన్నాడు." అతను తల ఎత్తాడు. "ఎవరైనా ఏంటి వదినా. నేను విన్నాను. తన గుండెని నేను విన్నంతగా లోకంలో ఏ డాక్టరూ ఏ పేషెంటుదీ విని ఉండడు. విని, జబ్బొక్కదాన్నే ఏరి చెత్తలో వేశా. మిగిలింది గోడలో పెట్టా."

చెత్త ఇంకా నడుస్తోంది. స్‌స్. స్‌స్.

"ఆపు," అంది పెద్దమ్మ. అతను ఆపాడు. ఆమె చెయ్యి లేచింది. అతణ్ని కొట్టాలనే లేచింది, అతనూ కొట్టించుకోవడానికే నిలబడ్డాడు. చేతిలో ఇంకా కడగని కుంచె ఉంది. జింక రంగు అతని చొక్కా మీద గీతగా పడింది.

"మూడేళ్లు ఇది కడుపులో పెట్టుకుని నా ఎదురుగా తిరిగావా? నాతో కలిసి అన్నం తిన్నావా?"

"రోజూ పిల్ల వచ్చి దానితో కబుర్లు చెబుతుంటే ఇక్కడ నిలబడి వింటున్నా. అది తన తల్లి కాదు. నేను చేసిన బొమ్మ. జబ్బులేని పెళ్లాన్ని చేసి పెట్టుకున్నా గోడలో. ఇక నావల్ల కాలేదు."

పెద్దమ్మ అతని మొహం చూడలేక కంత వైపు తిరిగింది. ఎదురు గోడ మీద, ఏనుగూ గుర్రం తర్వాత, మనిషి బొమ్మ. చెట్టు మొదట్లో కూర్చుని తల తిప్పి నవ్వుతున్న ఆడమనిషి. కూర్చున్నది చెల్లెలే. వేసింది తనే. ఎంత బాగా వచ్చిందో అని డైరెక్టరు కూడా మెచ్చుకున్న బొమ్మ. ఆమె చూపు బొమ్మ పెదవుల దగ్గర ఆగిపోయింది. చక్కటి గులాబీ రంగు.

ఆమె కంతలోంచే చూస్తూ మాట్లాడింది.

"బొమ్మ కోసం అది మెట్లెక్కి వచ్చి నా ముందు కూర్చునేది. కూర్చున్నాక చాలాసేపు రొప్పేది. పెదాలు పాలిపోయి, మొహం తెల్లగా ఉండేది. నాకు కనబడింది. కనబడకపోతే నేను బొమ్మలేసేదాన్నెలా అవుతాను? ఆ తెలుపు నాకు నచ్చలేదు. ఎరుపు కలిపి పూశాను. 'కాస్త రంగుంటే ఎంత బావుంటావే' అని ఎగతాళి కూడా చేశాను."

"వదినా, మీరు..."

"ఊరుకో. ఓదార్చకు. నీకు ఆ హక్కు లేదు, నాకూ లేదు."

ఇద్దరూ ఆ ఇరుకు గదిలో ఒకరికొకరు తగలకుండా నిలబడ్డారు. పెద్దమ్మ అతణ్ని చీల్చి చెండాడాలని వచ్చింది. ఇప్పుడు ఏడవడానికి తన పక్కన అతను తప్ప ఇంకొకరు లేరు. ఆమె ఏడ్చింది. కొంగుతోనో రుమాలుతోనో కాదు, రంగు చేతులతోనే మొహం తుడుచుకుంది. అప్పుడు ఒక మాట గుర్తొచ్చి ఆ చేతులు అలాగే ఆగిపోయాయి.

"వంశంలో వచ్చేదన్నావు. పిల్లని చూపించావా?"

"అప్పుడే చూపించా. ఏమీ లేదన్నారు."

"హమ్మయ్య."

"పెద్దవుతుంటే రావచ్చన్నారు. ఏటేటా తీసుకురమ్మన్నారు."

"తీసుకెళ్లావా?"

అతను నేల చూశాడు. ఈసారి పెద్దమ్మకు అతణ్ని తల ఎత్తమనే ధైర్యం రాలేదు.

"ఏటా బయల్దేరతాను వదినా. చెప్పులేసుకుంటాను. ఆ డాక్టరు గొట్టం తీసి చెవులకి పెట్టుకోవడం తలుచుకుంటే కాళ్లు కదలవు. ఈ చెవులతో ఒకసారి విని..."

మాట పూర్తి కాలేదు. కంతలోంచి పరుగు వినబడింది. ఉడతను ఒక చోట కూర్చోబెట్టడం ఎవరి తరం! పాము తోక దొరికినట్టుంది, చేతిలో చివరి ఎముక పట్టుకుని, పక్షుల గది దాటి, ఒక్క ఉరుకున గుండెల గదిలోకి వచ్చిపడింది. అలవాటుగా అరచెయ్యి చాచుకుంటూ గోడ దగ్గరికి వచ్చింది.

చెయ్యి బొక్కలోకి పోయింది.

పిల్ల చెయ్యి వెనక్కి తీసుకుని చూసుకుంది. మళ్లీ బొక్కలోకి చూసింది. నేల మీద ఊడిపడి ఉన్న పలకను చూసింది. వంగి దాని మీద చెయ్యి పెట్టింది. పలక ఏమీ అనలేదు. పెద్దమ్మ తలుపు వైపు కదిలింది. కానీ ఈలోపే ఉడత కళ్లు పక్కనున్న బొమ్మ మీద పడ్డాయి. తన బొమ్మ. ఏం చెయ్యాలో ఆ బొమ్మలో తనే చేసి చూపిస్తోంది. ఎముకను జేబులో వేసుకుని, కొక్కెం మీది కప్పు అందుకుని, ఎడమ రొమ్ముకు అదిమి పట్టుకుంది.

గోడ ఒక్కసారి ఊగినట్టయింది. పరుగెత్తి వచ్చిన పిల్ల గుండె, గబగబా, గది నిండా కొట్టుకుంది.

లబ్. స్‌స్. డబ్. లబ్. స్‌స్. డబ్.

చిన్న చీపురు ఊడుపు.

చప్పుళ్లాయన చెయ్యి దానంతటదే లేచింది. ఇన్నేళ్ల అలవాటు అది. అక్కరలేని చప్పుడు వినబడితే వేళ్లు మీట మీదికి పోతాయి. పోయాయి. మీటను సగం తిప్పబోయిన ఆ చేతిని పెద్దమ్మ మణికట్టు దగ్గర పట్టుకుంది. గట్టిగా, గోళ్లు దిగేలా పట్టుకుంది.

"శుభ్రం చెయ్యకు," అంది. "విను."

అవతల ఉడత కప్పును రెండు చేతులతో పొదివి పట్టుకుని, తల వంచి, నోరు దానికి దగ్గరగా పెట్టింది.

"అమ్మా! నిన్నిక్కడికి మార్చారా? ఎందుకలా ఆయాసపడుతున్నావు?"